సద్ది కేకుల పిన్ని

మా పిన్ని పోయింది. కొత్త సంవత్సరం వచ్చి ఇంకా వారం కూడా తిరగలేదు. పలాసలో నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే నాన్న ఫోన్ చేశాడు. "మీ పిన్ని పెరట్లో పడిపోనాదమ్మా. టెక్కలి ఆస్పత్రికి తీసుకెల్లినాం. నేదు" అని ఆగిపోయాడు. బస్సు దిగి ఇంటికి చేరేసరికి వీధి నిండా జనం. తలెత్తి చూస్తే డాబా మీద రెండు చేటల్లో కేకు ముక్కలు ఎండుతున్నాయి. పొద్దున తన చేత్తో ఆరబెట్టి దిగిందట.

పిన్ని అంటే మా చిన్నాన్న భార్య. సంతబొమ్మాళి దగ్గర మా ఊళ్లో మా ఇంటికీ వాళ్లింటికీ ఒకటే గోడ, ఒకటే పెరడు. చిన్నాన్న చాలా ఏళ్లు ఊరి రాజకీయాల్లో తిరిగాడు. దాంతో జనవరి ఒకటిన ఆ ఇంటికి కేకులు వచ్చి పడేవి. ఒక్కో జట్టూ ఒక్కో అట్టపెట్టె పట్టుకొచ్చి తమ కేకే కోయాలని పట్టుబట్టేది. చిన్నాన్న కోసేవాడు, ఒక ముక్క నోట్లో పెట్టించుకునేవాడు, ఫోటో తీసేవారు, అంతే. మధ్యాహ్నానికి మంచం నిండా ఒక్క ముక్క మాత్రమే తెగిన కేకులు. కుర్రాళ్లు ఆ క్రీము మొహాలకు పూసుకుంటే పిన్నికి ఒళ్లు మండేది. "తినేదాన్ని మొకానికి రాసుకుంతారేట్రా, అదేటి పసుపా?" అని గరిటెతో గుమ్మంలోకి వచ్చేది.

ఆ సాయంత్రం నుంచి పని అంతా ఆవిడదే. క్రీము ఎక్కువున్నవి నిలవుండవు కాబట్టి అవి ముందు వీధిలోకి, జీడితోటల్లో పనికి వెళ్లే ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లిపోయేవి. ప్లమ్ కేకు గట్టిపడితే ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టేది, దూదిలా అయ్యేది. మిగిలినవాటికి క్రీము గీకేసి, ముక్కలు చేసి, పల్చటి గుడ్డ కప్పి వడియాల్లాగే ఎండబెట్టేది. కొన్నిటిని పెనం మీద కాల్చితే టీలోకి రస్కులు. తక్కినవి రోట్లో దంచి, లేత బెల్లం పాకంలో వేసి, జీడిపప్పు ముక్కా, వేయించిన కొబ్బరీ కలిపి, నెయ్యి రాసుకున్న చేత్తో ఉండలు చుట్టేది. వాటికి ఆవిడ పెట్టిన పేరు సద్ది కేకులు. పెద్దల మాట సద్ది మూట అంటారు, నీది సద్ది కేకుల మూట అని మేం ఏడిపిస్తే మురిసిపోయేది. ఆ ఉండలు సంక్రాంతి అరిసెలకంటే ముందే అయిపోయేవంటే నమ్మండి.

ఇన్ని పాట్లెందుకు, పశువులకు పడేయరాదా అని మా అమ్మ ఒకసారి అంది. పిన్ని చెయ్యి ఆపకుండానే జవాబు చెప్పింది. "పాడయిపోనాది యేరు అక్కా, మిగిలిపోనాది యేరు."

కొత్త సంవత్సరం రోజుల్లో మా ఊళ్లో సగం మంది మగవాళ్లు అయ్యప్ప మాలలో ఉంటారు. అందుకని గుడ్డు లేని కేకులూ వచ్చేవి, పెట్టె మీద ఆకుపచ్చ చుక్క ఉన్నవి. వాటిని పిన్ని వేరే చేటలో ఎండబెట్టి, ఆ చేటకు ఆకుపచ్చ గుడ్డ పీలిక కట్టేది. ఒక ఏడాది నాన్న కూడా మాల వేసుకున్నాడు. ఆ నియమమంతా పిన్నే చూసుకునేది. తెల్లవారకముందే తలస్నానం చేసి, మడిగా వండి, బావగారికన్నట్టు కాకుండా సాక్షాత్తూ స్వామికే పెడుతున్నట్టు పెట్టేది. ఒక సాయంత్రం అల్పాహారానికి సద్ది కేకులు పెట్టింది. నాన్న ఒకటి తిని రెండోది అందుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు, ముందురోజు మంచు పడుతోందని కంగారులో రెండు చేటలూ ఒకదాంట్లోకి వంచేసిన సంగతి.

చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. చెప్పింది. "స్వామీ, ఆగండి. అందల గుడ్డు కేకు కలిసిపోనాది. తప్పు నాదే."

నాన్న చేతిలోది పళ్లెంలో పెట్టి, నూతి దగ్గరకు వెళ్లి నీళ్లు పోసుకున్నాడు. తెలియక తిన్నదానికి దోషం లేదు, శరణు చెప్పుకో అన్నాడు గురుస్వామి. నాన్న కొండకు వెళ్లొచ్చాడు, తెచ్చిన ప్రసాదం ముందు పిన్నికే ఇచ్చాడు. గొడవేం లేదు. కానీ ఆ తర్వాత ఆవిడ చేతి తీపి ముట్టలేదు. మాల తీసేశాక గుడ్లూ చేపలూ మామూలుగా తినేవాడు, పిన్ని వండిన కూరా తినేవాడు. ఉండల పళ్లెం వస్తే మాత్రం "నాకు సుగరమ్మా" అనేవాడు. నాన్నకు సుగరు లేదు. ఆ సంగతి పిన్నికీ తెలుసు.

అయినా ఏటేటా ఆకుపచ్చ పీలిక చేటలోవి విడిగా చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, గోడ మీదుగా అందించేది. డబ్బా అలాగే తిరిగొచ్చేది. నాకు నాన్న మీద కోపం వచ్చేది. మొండితనానికీ ఒక హద్దుండాలి కదా. పిన్ని నన్నే ఊరుకోమనేది. "ఈయేడు కాపోతే వొచ్చేయేడు తింతారు బావగారు. ఆ మనసేటి పాడయిపోనాదా?"

వచ్చే ఏడు లేకుండా పోయింది. శవాన్ని తీసుకెళ్లిన సాయంత్రం, మంచు పడే వేళకు, ఇరుగుపొరుగు ఆడవాళ్లు డాబా ఎక్కి రెండు చేటలూ ఒకే సంచిలోకి వంచేశారు. అచ్చం పిన్ని చేసిన పొరపాటే. మైల ఇంట్లో తినే వస్తువు ఉంచకూడదు, పారబోయమంది ఒక పెద్దావిడ. సంచి పెరటి గుమ్మం దాకా వెళ్లింది. స్నానం చేసి తడిబట్టలతో వస్తున్న నాన్న అడ్డంగా నిలబడ్డాడు. సంచి తీసుకుని, మా వంటింట్లో దూలానికి కట్టాడు. పెద్దకర్మ దాకా దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు.

ఆ రోజు కార్యం అంతా అయ్యాక నోరు తీపి చేసుకోవాలి కదా, నాన్న సంచి దించి నా ముందు పెట్టాడు. రోట్లో దంచాను. పాకం పిన్ని పట్టినట్టు లేతగా రాలేదు, కాస్త ముదిరింది. ఉండలు వంకరటింకరగా వచ్చాయి. చిన్నాన్నకు పెట్టి, నాన్న దగ్గరకు పళ్లెం తెచ్చాక చెప్పకుండా ఉండలేకపోయాను.

"నాన్నా, రెండు చేటలవీ కలిసిపోయాయి. ఏది గుడ్డుదో తెలీదు."

"తెలుసమ్మా" అన్నాడు.

కొరికాడు. పాకం గట్టిగా ఉండటంతో చాలాసేపు నమిలాడు. కళ్లనీళ్లు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోలేదు. "దానికి సెప్పనేదు నాను. కోపమేటి నేదని ఒక్కసారి సెప్పనేదు" అన్నాడు చిన్నాన్న వైపు చూసి. చిన్నాన్న తమ్ముడైనా పెద్దవాడిలా ఆయన వీపు మీద చెయ్యి వేశాడు.

తినడం అయ్యాక నాన్న లేవలేదు. పంచె మీద పొడి రాలి ఉంది. వేలు తడి చేసుకుని, ఒక్కో నలుసూ అద్దుకుంటూ, ఏమీ మిగల్చకుండా తింటూ కూర్చున్నాడు.