తువ్వాలు ఊపేదాకా స్పృహ రాకూడదు

మనిషన్నాక తప్పులు చేస్తాడు. కొందరు తప్పు చేసి పరువు పోగొట్టుకుంటారు, కొందరు ఉద్యోగం పోగొట్టుకుంటారు. నేను మాత్రం ఒక మబ్బు పట్టిన పొద్దుటిపూట, భుజాన ఎర్ర తువ్వాలు వేసుకుని దర్జాగా కూర్చుని, మా మావయ్యగారి రొయ్యల చెరువు ఊపిరి ఆపినంత పని చేశాను. అప్పుడే నవ్వకండి. నవ్వాల్సిన చోటు ఇంకా దూరముంది. అక్కడికి నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళతాను.

అప్పట్లో నేను ఏలూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేసేవాణ్ణి. పగిలిన అద్దాలు మార్చడం నా వృత్తి, బాగుచేసిన ఫోన్లలో గేములు ఆడి చూడడం ప్రవృత్తి. ఏ గేమాడినా నా కళ్ళు హీరో మీద నిలిచేవి కావు. దారి పక్కన ఊరికే నిలబడి ఉంటారే, ఆ మనుషుల మీద నిలిచేవి. మీరూ చూసే ఉంటారు. ఎన్నిసార్లు పలకరించినా వాళ్ళది ఒకటే మాట. "వంతెన మీద జాగ్రత్త" అంటాడొకడు. వంతెన కూలిపోయాక వెళ్ళినా అదే మాట. మా కొట్టు యజమాని కూడా వచ్చిన ప్రతివాడితో "రేపు రండి, అయిపోతుంది" తప్ప మరో మాట అనేవాడు కాదు గానీ, ఆయన జీతమిచ్చే మనిషి కనక వదిలేద్దాం.

ఒకరోజు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మెరుపు వెనకాల పిడుగుంటుందని ఆ వయసులో ఎవరికి తెలుస్తుంది? ఆ దారి పక్క మనిషికి ఉన్నట్టుండి, 'అరె, ఇదంతా ఆటా? నేను ఆటబొమ్మనా?' అని తెలివొస్తే ఎలా ఉంటుంది? దాన్ని సైన్స్ ఫిక్షన్ కామెడీగా, పావుగంట సినిమాగా తీసి లోకం మీదికి వదలాలనుకున్నాను. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, కెమెరా లేదు, నటుడు లేడు, సినిమా పేరు మాత్రం 'నేనెవర్నండీ?' అని పెట్టేశాను. మన వైపు మనిషికి ఆత్మజ్ఞానం కలిగినా 'అండీ' మాత్రం వదలదు కదా!

కెమెరా సంగతి డేవిడ్ చూసుకుంటానన్నాడు. తాడేపల్లిగూడెంలో పెళ్ళి వీడియోలు తీసే స్నేహితుడు వాడు. మూఢం రోజులు కాబట్టి ముహూర్తాలు లేవు, వాడికి పనీ లేదు. ఇక చుట్టూ నీళ్ళు, గట్లు, కొంగలు ఉన్న లోకం కావాలంటే కలిదిండిలో మా మావయ్య సత్తిబాబుగారి చెరువుంది. నటుడంటారా, మావయ్యే ఉన్నారు.

మావయ్య వయసులో ఉన్నప్పుడు నాటకాలాడారు. ఎప్పుడూ ద్వారపాలకుడి వేషమే. 'చిత్తం మహాప్రభో' అని రంగం మీదికి రావడం, అదే మాట అని వెళ్ళిపోవడం. నోటి నిండా పలికే డైలాగు కోసం ఆయన వాన కోసం చూసే చేనులా ఎదురుచూస్తూనే ఉన్నారు.

"మొదట్లో నీకూ ఒకటే మాటుంటుంది మావయ్యా" అన్నాను. "ఎవరొచ్చినా 'ఎండ మండిపోతోందండీ' అనాలి. అంతే."

ఆయన మొహం వాడింది. "మళ్ళీ ద్వారపాలకుడేనట్రా?"

"ఆఖర్లో నీకు స్పృహ వస్తుంది. అప్పుడు పేజీడు డైలాగు."

"పేజీడా!" మొహం మళ్ళీ వికసించింది. "అయితే పొద్దున్నే వచ్చెయ్యండర్రా. మీ అత్తయ్యకి నేను చెప్తాలే."

అత్తయ్యకు చెప్పడం అంత తేలిక కాదు. అంతకు ముందు పంట తెగులొచ్చి మొత్తం పోయింది. ఈసారి చెరువు మీదే వాళ్ళమ్మాయి కాలేజీ చదువు ఆధారపడి ఉంది. రొయ్యలు పట్టి అమ్మడానికి ఇంకొన్ని రోజులే ఉండటంతో అత్తయ్య ఆ రొయ్యల్ని పురిటి బిడ్డల్లా కాచుకుంటోంది. "ఏం తీసుకుంటారో తీసుకోండి నాయనా, నీళ్ళ జోలికి మాత్రం వెళ్ళకండి" అంది. మేం నీళ్ళ జోలికి వెళ్ళలేదండీ. గాలి జోలికి వెళ్ళాం.

ఆ పొద్దున ఆకాశం తడి గోనెసంచిలా ఉంది. మావయ్యకు పసుపుపచ్చ చొక్కా తొడిగాం. గేముల్లో మాట్లాడే మనుషుల నెత్తిన గుర్తొకటి తేలుతుంటుంది కదా, అలా ఒక అట్టముక్కను ఆశ్చర్యార్థకంలా కత్తిరించి, పచ్చరంగు వేసి, ఇనపతీగతో ఆయన తలకు కట్టాం. ఆయన తల ఊపినప్పుడల్లా ఆ ఆశ్చర్యం కూడా ఊగేది. గేమాడేవాడు మనకు కనపడడు. డేవిడ్ కెమెరాయే వాడి కళ్ళు. కెమెరా దగ్గరికి రాగానే మావయ్య తన మాట అనాలి.

"యాక్షన్!"

డేవిడ్ గట్టు మీద నడుచుకుంటూ వచ్చాడు. మావయ్య చేతులు జోడించారు. "రండి రండి. ఎండ మండిపోతోందండీ. కాఫీ తాగారా?"

"కట్! మావయ్యా, కాఫీ లేదు."

"లేకపోవడమేంట్రా, మీ అత్తయ్య పెడుతోంది."

"కథలో లేదు!"

రెండోసారి, "ఎండ మండిపోతోందండీ. ఏ ఊరండీ తమరిది?"

మూడోసారి ఏమీ అడక్కుండా నోరు బిగబట్టారు గానీ, డేవిడ్ వెనక్కి తిరగ్గానే, "గట్టు జారుతుందండీ, చూసుకెళ్ళండి" అనేశారు.

పాఠకులారా, నా కష్టం అర్థం చేసుకోండి. పలకరించినా పట్టించుకోని మనుషుల కథ రాసుకుని, పలకరించకపోయినా పట్టించుకునే జిల్లాలో తీయబోయాను. ఎడారిలో పడవ పందేలు పెట్టినవాడు నాకన్నా నయం.

అప్పుడు డేవిడ్ చెవులకున్న యంత్రం తీసి, "ఇంకో సంగతిరా" అన్నాడు. "మావయ్యగారి మాట ఒక్కటీ వినపళ్ళేదు. అంతా ఆ ఏరేటర్ల గోలే."

నీళ్ళను చిలికి చెరువుకు గాలి అందించే చక్రాలవి. రాత్రనక పగలనక తిరుగుతూనే ఉంటాయి, పిండిమర నడిచినంత చప్పుడు చేస్తాయి.

"మావయ్యా, పది నిమిషాలు ఆపుదామా?"

ఆయన ఒకసారి మబ్బు వైపు చూశారు, ఒకసారి చెరువు వైపు చూశారు. ఎండ లేని పొద్దుట నీళ్ళలో గాలి తక్కువుంటుందని, అప్పుడు చక్రాలు ఆపకూడదని ఆయనకు తెలియక కాదు. కానీ ఒకవైపు రొయ్యలున్నాయి, ఇంకోవైపు పేజీడు డైలాగుంది. కళాకారుడు గెలిచాడు.

"పది నిమిషాలేగా" అంటూ వెళ్ళి స్విచ్చి ఆపేశారు. లోకమంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. కొంగలు కూడా మావైపు తిరిగి చూశాయి.

ఇక నేను దర్శకుడిగా శాసనం జారీ చేశాను. భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి చూపించి చెప్పాను. "మావయ్యా, జాగ్రత్తగా విను. నేనీ తువ్వాలు ఊపేదాకా నీకు స్పృహ రాకూడదు. ఆకాశం ఊడిపడినా, భూకంపం వచ్చినా, నీ నోట్లోంచి ఆ ఒక్క మాటే రావాలి. తువ్వాలు ఊపానో, అప్పుడు నీ ఇష్టం, పేజీ మొత్తం దంచెయ్."

"ఆయ్, అర్థమైందిరా. నువ్వు ఊపందే నేను మేలుకోను."

నేను తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకుని, చెరువుకు వీపు పెట్టి కూర్చున్నాను. మావయ్య చెరువుకు ఎదురుగా నిలబడ్డారు. షాట్ మీద షాట్ తీశాం. కెమెరా ముందు నుంచి రావాలి, పక్క నుంచి రావాలి, దూరం నుంచి రావాలి. పది నిమిషాలు రబ్బరులా సాగి గంట దాటిపోయింది. కళాసృష్టిలో ఉన్నవాడికి గడియారం కనిపిస్తుందా?

ఉన్నట్టుండి మావయ్య నటన మరో మెట్టెక్కింది. "ఎండ మండిపోతోందండీ" అంటుంటే గొంతు వణికింది. కళ్ళు గుండ్రంగా తిరిగాయి. గడ్డంతో నా వెనక్కి ఏదో చూపిస్తున్నారు.

"అబ్బబ్బబ్బ! చూడ్రా డేవిడ్" అని గుసగుసలాడాను. "లోపల తెలివొస్తోంది, బయటికి చెప్పలేకపోతున్నాడు. ఏం నటన!"

"ఎండ... ఎండ మండిపోతోందండీ!" చెమటలు. నెత్తిన ఆశ్చర్యార్థకం గజగజలాడుతోంది.

"అలాగే ఉండు మావయ్యా! ఇంకాస్త బాధపడు!"

"ఎండ మండిపోతోందండీఈఈ!"

పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటమంటారు. ఇక్కడ పిల్లికి చెలగాటమని కూడా తెలీదు. కళ అనుకుంటోంది.

సరిగ్గా అప్పుడు అత్తయ్య కాఫీ గ్లాసులు పట్టుకుని గట్టెక్కింది. చెరువు వైపు చూసింది. గ్లాసులు కిందపడ్డాయి.

"ఏవండీ! రొయ్యలు పైకి తేలాయి! గట్టువారకి వచ్చేశాయి! ఏరేటర్లు ఎందుకాగాయి?"

మావయ్య నా భుజం వైపు చూశారు. తువ్వాలు కదల్లేదు. అత్తయ్య వైపు తిరిగి, కళ్ళ నీళ్ళతో చేతులు జోడించారు. "ఎండ మండిపోతోందండీ."

"ఎండేంటండీ? మబ్బేసుంటే!"

"ఎండ మండిపోతోందండీ!"

"అయ్యో, ఈయనకి ఏమైందర్రా!"

నేను పరవశంలో ఉన్నాను. అత్తయ్య రాక కథలో లేదు, అయినా ఎంత సహజంగా కుదిరింది! "ఆపకు డేవిడ్, తియ్యి! అత్తయ్యా, నువ్వు కొంచెం ఎడం పక్కకి జరిగి మళ్ళీ కేకెయ్యి!"

అత్తయ్య ఎడం పక్కకు జరగలేదు. సూటిగా నా మీదికి వచ్చింది. నా భుజం మీది తువ్వాలు లాగింది, వడి తిప్పి, ఎడాపెడా నన్ను బాదడం మొదలెట్టింది.

ఎర్ర తువ్వాలు గాల్లో ఊగింది.

అంతే! మావయ్య ఛాతీ విరుచుకున్నారు. కుడిచెయ్యి ఆకాశానికెత్తారు. ఎన్నో ఏళ్ళుగా గొంతులో దాచుకున్న నాటకమంతా ఒక్కసారి కట్ట తెగింది.

"ఆహా! మేలుకొంటిని! ఎవరు నేను? ఎవరు నన్నీ గట్టున నిలిపినది? ఈ లోకమెవ్వరిది? ఈ చెరువెవ్వరిది?"

"మనదేనండీ!" అత్తయ్య పొలికేక పెట్టింది. "చెరువు మనది, అందులో చస్తున్న రొయ్యలు మనవి! మిమ్మల్ని నిలబెట్టింది ఈ వెధవ!"

మావయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. సృష్టిలో ఏ పాత్రకూ అంత తొందరగా, అంత సంపూర్ణంగా జ్ఞానోదయం కాలేదని నా నమ్మకం. "ఓరి నీ తస్సాదియ్యా!" అని స్విచ్చి వైపు పరిగెత్తారు. గట్టు మీద పసుపుపచ్చ చొక్కా, దాని మీద ఎగిరెగిరి పడుతున్న ఆశ్చర్యార్థకం. అప్పుడు తిరిగి చూశాను నేను. నీళ్ళంచు పొడవునా రొయ్యలు మీసాలు పైకెత్తి, ఊపిరి కోసం కొట్టుకుంటున్నాయి. వాళ్ళమ్మాయి చదువు అలా నీళ్ళ మీద తేలుతూ కనిపించింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు గానీ, ఆ పూట ఆకులు కూడా పనిచేశాయి. చక్రాలన్నీ తిరిగాయి. షెడ్డులో ఉన్న ఆక్సిజన్ బిళ్ళల బకెట్టు తెచ్చి, అత్తయ్య ఎటు చూపిస్తే అటు చల్లుతూ చెరువు చుట్టూ పరిగెత్తాను. జారి ఒకసారి అందులో పడ్డాను కూడా. పడ్డవాణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. నేను రొయ్యను కాను కదా! మధ్యాహ్నానికి మబ్బు విడిచింది. తేలినవి ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి. చెరువంతా మూడుసార్లు చుట్టి చూసొచ్చి, "పంట నిలబడిందండీ" అని అత్తయ్య గట్టు మీద కూలబడింది. ఆవిడ ఏడుపు చూశాక ఆ తువ్వాలు దెబ్బలు నాకు చాలా తక్కువ పడ్డాయనిపించింది.

ఓ మూల మాత్రం కొన్ని పోయాయి. అవి ఎదిగీ ఎదగనివి, కొనేవాడికి పనికిరావు. తాజాగానే ఉన్నాయి కనక అత్తయ్య వెంటనే ఐసులో పెట్టించి చుట్టాలందరికీ పంపింది. నా సినిమా ఏ హాల్లోనూ ఆడలేదండీ. కానీ అదే రోజు కలిదిండి, ఏలూరు, తాడేపల్లిగూడెం కేంద్రాల్లో, ప్రతి వంటింట్లోనూ ఇగురై విడుదలైంది. అన్నిచోట్లా జనం మెచ్చుకున్నారు. ఉప్పు కొంచెం తగ్గిందన్నవాళ్ళు కూడా లేరు.

ఆ సాయంత్రం మేం ముగ్గురం భోజనాలకు కూర్చున్నాం. అత్తయ్య నా విస్తట్లో ఇగురు వడ్డిస్తూ, "తిను నాయనా, నీ కష్టార్జితం" అంది. తల దించుకుని కలుపుతున్నాను. ఆవిడ లోపలికి వెళ్ళగానే మావయ్య డేవిడ్ మీదికి వంగి గొంతు తగ్గించారు.

"బాబూ, ఆ ఆఖరి డైలాగు... షాట్ ఓకేనా?"

డేవిడ్ ఇబ్బందిగా నా వైపు చూశాడు. "ఆ షాట్లో మీరు లేరండి మావయ్యగారు. అత్తయ్యగారు రాగానే నా కెమెరా అటే తిరిగిపోయిందండి. చివరిదాకా ఆవిడే ఉన్నారు. మీ గొంతు మాత్రం పక్కనుంచి వినిపిస్తుంది."

మావయ్య ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వంటింట్లోంచి గరిటె చప్పుడు ఆగింది. అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది.

"ఏదీ, ఓసారి చూపించు."

చూసింది. తను నన్ను బాదుతుంటే చూసింది, తను అరుస్తుంటే చూసింది. మళ్ళీ వెనక్కి తిప్పించుకుని ఇంకోసారి చూసింది. ఆవిడ కెమెరా డేవిడ్ చేతికిచ్చి, కొంగు సర్దుకుని, ఎన్నడూ లేనంత మెత్తగా అంది.

"ఈ పాత చీర బాలేదు నాయనా. రేపు పొద్దున్న పట్టుచీర కట్టుకుంటాను, ఇంకోసారి తీద్దాం. ఏరేటర్లు ఓ పది నిమిషాలు ఆపితే ఏం కాదులే."

అప్పటికప్పుడు, ఆ ఇగురు ముద్ద చేతిలో పట్టుకునే, కొల్లేరు దిక్కుకు తిరిగి ప్రమాణం చేశాను. ఈ జన్మలో మరే పాత్రకూ ప్రాణం పొయ్యను. తప్పనిసరై పొయ్యాల్సి వస్తే, ఆ చుట్టుపక్కల ఊపిరి పీల్చే జీవి ఇంకొకటి లేదని రూఢి చేసుకున్నాకే పోస్తాను.