ఆ సార్ ఏం చదివాడు?

నేను ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో ఆదోనికి వెళ్లి ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తాను. నా ఇన్‌కమ్‌టాక్స్ రిటర్న్ మా బస్టాండు దగ్గర ఒకాయన వేసేవాడు. చిన్న గది, కంప్యూటరు, బయట ‘టాక్స్ కన్సల్టెంట్’ అని బోర్డు. మా ఊళ్లో కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతివాడూ ‘సార్’ అయిపోతాడు. నేనూ అలాగే పిలిచాను.

పోయినేడు నోటీసు వచ్చింది. మా అమ్మాయి వికలాంగురాలని రిటర్న్‌లో రాసి పన్ను మినహాయింపు అడిగి ఉందట, సర్టిఫికెట్ చూపించమన్నారు. మా అమ్మాయి బడిలో ఖోఖో ఆడుతుంది! నోటీసు పట్టుకుని పరుగున వెళ్లాను.

“రీఫండ్ రావల్లంటే ఏదో ఒకటి రాయల్ల గదమ్మా. అందరికీ అట్లే రాసినా” అన్నాడు తాపీగా.

“అసలు నువ్వేం సదివినావు?” అని అరిచాను.

“దీనికి సదువెందుకమ్మా? పాస్‌వర్డ్ ఉంటే సాలు.”

గది నిండా జనం. వాళ్లలో ఒక పెద్దాయన నన్నే కసిరాడు: “సార్‌నే సదువు అడుగుతావేమమ్మా!” అందరూ నవ్వారు.

టాక్స్ ఆఫీసులో కూడా అదే మాట. “రిటర్న్ ఎవరైనా నింపొచ్చు. జవాబు మాత్రం మీరే చెప్పాలి.” ఒక సూది వేయడానికి నేను ఏళ్లకేళ్లు చదివి, పరీక్షలు రాసి, పేరు రిజిస్టరు చేయించుకున్నాను.

జరిమానా కట్టేశాను. ఆ గదిలో నవ్వులూ మరిచిపోతానేమో. నోటీసు వచ్చిన సాయంత్రం దాన్ని చదివిన మా అమ్మాయి మాత్రం తన కాళ్లూ చేతులూ చూసుకుని అడిగింది: “అమ్మా, నాకు యాడ బాగలేదని రాసినాడు?”

– ఓ నర్సు, ఎమ్మిగనూరు