ఫ్రెంచివాళ్ళు మెచ్చిన ముఖం

మా ముత్తాతగారు మునసబు. ఆయన ఎదుట కుర్చీ వేసుకుని కూర్చోగలిగినవాళ్ళు రేపల్లె చుట్టుపక్కల బహు కొద్దిమంది. మా తాతగారికి బియ్యం మిల్లులుండేవి. ఆయన మద్రాసు నుంచి చిత్రకారుణ్ణి పిలిపించి, మా నాయనమ్మ నిలువెత్తు చిత్రపటం నూనె రంగుల్లో వేయించారు. నా చేతికి వచ్చేసరికి మిల్లులు లేవు. ఇల్లూ, హాల్లో ఆ పటమూ మిగిలాయి.

రెండేళ్ళ క్రితం వేసవిలో హాలు కప్పు కుంగింది. వానలు పడేలోగా బాగుచేయించకపోతే ఇల్లు నిలవదని మేస్త్రీ తేల్చి చెప్పాడు. పటం అమ్మడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు. బాపట్లలో ఉండే మా బావగారు పాత చిత్రాలు కొనే ఒక ఫ్రెంచి దంపతులను వెంటబెట్టుకొచ్చారు. వాళ్ళు మాతో ఇంగ్లీషులో మాట్లాడతారనీ, తమలో తాము ఫ్రెంచిలో మాట్లాడుకుంటారనీ ఆయన ముందే చెప్పారు. నా ఇంట్లో కూర్చుని నాకు తెలియని భాషలో మాట్లాడేవాళ్ళను నేను నమ్మను.

మా తమ్ముడి కూతురు రోజూ రైల్లో తెనాలి వెళ్ళి ఇంటర్ చదివేది. మార్కులు బాగా పడతాయని రెండో భాషగా ఫ్రెంచి తీసుకుంది. కాఫీలిచ్చి తలుపు దగ్గర నిలబడమనీ, భాష వచ్చినట్టు బయటపడొద్దనీ దానికి చెప్పాను.

ఆ ఫ్రెంచావిడ పటం ముందు చాలాసేపు నిలబడింది. భర్తతో ఏదో అంది. నా వైపు చూసి మళ్ళీ ఏదో అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను లేచి, మా తమ్ముడి కూతుర్ని వంటింట్లోకి రమ్మన్నాను.

"ఏంటే అంటున్నారు?"

"తాతమ్మ కళ్ళు భలే అందంగా ఉన్నాయంట పెదనాన్నా. 'ఎల్ ఆ ద బోజ్యూ' అంది. మనిషి రూపురేఖలు ఎలా చెప్పాలో మాకో పాఠం ఉందిలే, అందులోదే."

"వంకేమీ పెట్టలేదా?"

"లేదు. 'ఎల్ ఆ ద లాలూర్' అని కూడా అంది. అంటే నిలబడ్డ తీరులోనే దర్జా ఉందని."

"మరి నన్ను చూసి నవ్వారెందుకు?"

"మీకు ఆవిడ పోలికంట. ఇద్దరూ నవ్వని మనుషుల్లా ఉన్నారంట." అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నీకు దాంట్లో మార్కులెన్నే?"

"నమ్మకపోతే మీరే వెళ్ళి అడగండి!"

మా ఊళ్ళో వడ్ల బేరం చూసి పెరిగినవాణ్ణి నేను. కొనదలచినవాడు గింజ అరచేతిలో పోసుకుని, కొరికి, తాలు ఎక్కువంటాడు, తేమ ఉందంటాడు. మెచ్చుకున్నవాడు మర్యాదగా మెచ్చుకుని వెళ్ళిపోతాడు, మళ్ళీ రాడు. వాళ్ళు కొనడానికి రాలేదని నాకు రూఢి అయింది. వాళ్ళు కాదని లేచి వెళ్ళేలోగా నేనే మాట చెప్పాలి. హాల్లోకి వెళ్ళి, పటం అమ్మకానికి లేదన్నాను.

ఫ్రెంచావిడ ముఖం వాడిపోయింది. బావగారు నన్ను వరండాలోకి లాక్కెళ్ళారు.

"ఏంటి బావా, కోరి వచ్చిన బేరాన్ని కాలదన్నుకుంటావా?"

"మెచ్చుకునేవాడు కొంటాడా బావగారూ?"

"వాళ్ళేమన్నా నీ దగ్గర వడ్లు కొనడానికొచ్చారంటయ్యా?"

వాళ్ళు చేతులు జోడించి వెళ్ళారు. బావగారి చేత బాపట్ల నుంచి ఇంకోసారి అడిగించారు. కాదన్నాక కూడా అడుగుతున్నారంటే అందులో ఇంకేదో ఉందనిపించి, మళ్ళీ కాదన్నాను.

జూన్‌లో తెనాలి నుంచి పాత సామాన్ల వ్యాపారి వచ్చాడు. "రంగు పెచ్చులూడిందండి. ముక్కు మరీ పొడుగండి. ఈ ముఖం ఎవరు కొంటారండి?" అన్నాడు. నాకు ప్రాణం కుదుటపడింది. అతను పటం చట్రాన్ని వేలితో కొట్టి చూశాడు. వెళ్తూ వెళ్తూ వీధి తలుపుల్నీ కొట్టి చూశాడు.

బొమ్మ తనకక్కర్లేదని, దాని గుడ్డను చట్రం నుంచి విడదీసి, చుట్టి నా చేతికిచ్చాడు. బర్మా టేకు చట్రాన్నీ, మా ముత్తాతగారు పెట్టించిన వీధి తలుపుల జతనూ అతనికి అమ్మాను.