బొట్టు పెట్టిన ఫ్లాపీ

జనగామలో రైలెక్కినది మొదలు మహబూబాబాద్ దాటేదాకా కంప్యూటర్ రాతలు దాచుకొనే ఆ పాత ఫ్లాపీని ఒడిలోనే పెట్టుకొని కూర్చున్నాను. మహదేవపూర్ పల్లెలలో నాట్లు వేసే అవ్వలు చెప్పిన మాటలు, తొమ్మిదేండ్ల సేకరణ, దానిలో ఉన్నవి. వ్రాసుకొన్న చీటీలను చెదలు తిన్నవి. చెప్పినవారిలో చివరి అవ్వ కిందటి నెల కన్నుమూసింది.

నేను భూపాలపల్లి బడిలో తెలుగు చెప్పిన కాలంలో అక్కడొక కంప్యూటర్ ఉండేది; ఆ మాటలను ఫ్లాపీకి ఎక్కించింది దానిమీదే. చదివే హెడ్ ఫ్లాపీ ఒంటిని తాకుతూనే చదవాలి; వేగంగా తిప్పితే ఒరుసుకొనిపోతుంది గనుక, ఫ్లాపీని దూర్చే పెట్టె, డ్రైవు, దానిని మెల్లగానే తిప్పేది. కంప్యూటర్ ఎంత చురుకైనదైనా డ్రైవు అందించేంతవరకు చేతులు కట్టుకొని నిలువవలసిందే. ఒక్క మాట వెదకమంటే గరగరలాడి, ఆగి, మళ్లీ తిరిగేది. ఆ మందగమనాన్ని ఎన్నిసార్లు తిట్టుకొన్నానో.

దసరానాడు పనిముట్లను పూజించడం మా ఇంటి ఆచారం. నా తండ్రి గంటానికి చేసినట్లే నేను ఫ్లాపీకి చేశాను. దాని తొడుగులో కోలగా ఒక సందు, ఆ సందులోంచి గోధుమవన్నె బిళ్ళ కనబడేది. అదే నుదురనిపించి అక్కడే తడి కుంకుమ పెట్టాను. ఆ పక్షంలోనే జనగామకు బదిలీ అయింది. ఫ్లాపీ పెట్టెలో పడి ఏండ్ల తరబడి అక్కడే ఉండిపోయింది.

డోర్నకల్‌లో రైల్వే సిగ్నళ్ల పని చేసి విరమించిన మిత్రుని ఇంట దానిని చదవగల పాత డ్రైవు ఉన్నదని అక్కడికే వెళ్లాను. ఫ్లాపీని చూడగానే అతడు నవ్వాడు.

"ఏం సారూ, పెండ్లిపిల్ల అనుకున్నవా దీన్ని?"

స్పిరిటులో ముంచిన దూదితో తుడిచి డ్రైవులో పెట్టాడు. గరగర వినిపించింది, తెర మీద ఏమీ రాలేదు. హెడ్‌ను తుడిచిన దూదిని నా ముందర పెట్టినప్పుడు అతని ముఖంలో నవ్వు లేదు.

"గీ ఎర్రటిది కుంకుమ. గీ గోధుమ పొడి మాత్రం బిళ్ళ మీది పూత, అంటె నీ మాటలే సారూ. ఇంకోసారి తిప్పితే ఇంక జర రాలుతది. తిప్పకుంటె ఉన్నది గూడ రాదు. ఏం జెయ్యమంటవు?"

ఇంకా మెల్లగా తిప్పరాదా అని బతిమాలాను. దాని నడక మార్చడం తన చేతిలో లేదన్నాడు. కళ్లు మూసుకొని తిప్పమన్నాను.

తెర మీద మొదటి అవ్వ పేరు వచ్చింది, ఊరు వచ్చింది. ఆమె చెప్పిన మాట ఒక్కటీ రాలేదు.