నాయనకు మూడో భాగం చెప్పిన మనిషి

మా పుస్తకాల వాట్సాప్ గ్రూపులో ఆదివారం వస్తే ఎవరేం చదువుతున్నారో చెప్పుకుంటాం. వేరే గ్రహాలు, మాయా రాజ్యాలు, మాట్లాడే ఓడలు, మాకన్నీ కావాలి. నేను చాలాకాలంగా ఏమీ రాయడం లేదేమని అడుగుతున్నారు. ఓపిక లేక రాయలేదు. ఇవాళ రాస్తున్నాను, అదీ ఒక్క నవల గురించే.

ముందే చెప్పేస్తున్నా, దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏ కోశానా నమ్మకం లేదు. ఇలాంటి నవలలు చదివేదాన్ని కాబట్టి ఏది చెప్పినా నమ్మేస్తానని మా ఆఫీసులో ఆటపట్టిస్తారు. నిజానికి సంగతి తలకిందులు. ఇన్ని కల్పనలు చదివాక, ఎవరైనా స్మశానం దగ్గర తెల్లచీర అని మొదలుపెట్టగానే నాకు ఆవులింతలొస్తాయి.

చిత్తూరులో ఉద్యోగం, తిరుపతిలో కాపురం. నా చదువంతా బస్సులోనే. మా నాయన ఐరాల దగ్గర వ్యవసాయం చేసినవాడు. రెండు కిడ్నీలూ చెడిపోయాక, డయాలసిస్‌కి దగ్గరగా ఉంటుందని తిరుపతిలో మా ఇంటికి తెచ్చుకున్నాం. వారంలో రెండు మధ్యాహ్నాలు ఆస్పత్రిలో. అక్కణ్నుంచి వచ్చాక పిండేసిన బట్టలా పడి ఉండేవాడు. మళ్లీ వెళ్లాల్సిన రోజు దగ్గరపడితే గొడవ మొదలు. ఇంక రానంటాడు, ఎందుకీ కర్మ అంటాడు.

ఆయన్ని మిషన్ పక్కన కూర్చోబెట్టడానికి నాకు దొరికిన ఉపాయం ఆ నవల. మూడు భాగాల కథ, ఇంగ్లీషులో ఉన్నది నేను చదువుకుంటూ తెలుగులో చెప్పేదాన్ని. నీళ్లు ఇంకిపోయిన గ్రహం. ఒక ఆడమనిషి అంతరిక్షంలో తిరిగే మంచుకొండను లాక్కురావడానికి ఓడలో ఒంటరిగా బయల్దేరుతుంది. ఎండిపోయిన బోర్లతో జీవితం గడిపిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి? “బోరు యెంత లోతుకేసినారంట ఆడ?” అని అడిగాడు మొదటి రోజే. రచయిత ఆ సంగతి రాయలేదంటే, ఏం రచయితబ్బా అని విసుక్కున్నాడు.

మంచి పట్టులో ఉండగా ఆపేసేదాన్ని. మిగతాది మళ్లీ వచ్చినప్పుడే. తిట్టుకుంటూనే వచ్చేవాడు. మా వదినకి, డాక్టరుకి కూడా ఈ సంగతి తెలుసు. నాయన ప్రాణం ఆ కథకి వేలాడుతోందని మా అందరికీ తెలుసు.

రెండో భాగం అయిపోవచ్చింది. మూడో భాగం ఇంకా అచ్చే కాలేదు. అది వచ్చేదాకా ఎలా నెట్టుకురావాలా అని నేను లోపల భయపడుతున్నాను.

ఒక రోజు ఆఫీసులో ఆడిట్ ఉండి సెలవు దొరకలేదు. వదిన తీసుకెళ్లింది. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి నాయన మంచం మీద లేచి కూర్చుని కాఫీ తాగుతున్నాడు. డయాలసిస్ అయిన రోజు ఆయన అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

“కత అయిపాయ పాపా” అన్నాడు. “పక్క మంచం కాడ కూర్చోనుండిన యమ్మ చెప్పినాది. నీ మాదిరే, నింపాదిగా.”

ఏం చెప్పిందని అడిగాను. మంచుకి ఆ ఓడలో వెళ్లిన ఆడమనిషి ఎడమచేతి చిటికెన వేలు పోయిందట. మంచుకొండ మీద దిగాక కొంచెం మంచు కరిగించి, తాగకుండా ముందు కాళ్లు కడుక్కుందట. ఓడకి మంచుకొండను కట్టి ఇంటివైపు పంపేసి, తను అక్కడే ఉండిపోయిందట.

“అలిసిపోయినాదంట. రాలేదని కిందోళ్లు ఎవురూ ఆ యమ్మను తిట్టుకోలేదంట.”

వదినని అడిగాను. మందుల కోసం కిందికి వెళ్లి కాసేపట్లో వచ్చానంది, నాయన దగ్గర ఎవరినీ చూడలేదంది. సిస్టర్‌కి ఫోన్ చేశాను. ఆ పక్క మిషన్ చెడిపోయి వారంగా మూసి ఉందని, అటువైపు పేషెంట్లు గానీ వాళ్ల తాలూకు మనుషులు గానీ ఉండరని చెప్పింది.

బీపీ పడిపోయి మగత కమ్మింది, కల వచ్చింది నాయనా, అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు. “కాణిపాకం పోదాం పద. సామి ముందర పెమానం చేస్తా” అన్నాడు.

ఈ మాట బరువు మా వైపు వాళ్లకే తెలుస్తుంది. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని నమ్మకం. ఊళ్లో తగాదాలు ఆ మాటతో తేలిపోతాయి, తప్పున్నవాడు పద అనగానే జారుకుంటాడు. మా చిన్నాయన పొలం గట్టు జరిపినప్పుడు, నిజం తనవైపే ఉన్నా నాయన ప్రమాణానికి పోలేదు. మూరెడు మట్టి కోసం దేవుణ్ని మధ్యలోకి లాగనని గట్టే వదిలేసుకున్నాడు. అలాంటి మనిషి ఒక కథ కోసం పద అంటున్నాడు.

తర్వాతి డయాలసిస్‌కి రానన్నాడు. ఏడ్చాను, కోప్పడ్డాను. ఇంకో నవల మొదలుపెడతానన్నాను, ఇంతకంటే పెద్దది. వదిన కాళ్లు పట్టుకుంది. డాక్టరు ఇంటికొచ్చి మరీ చెప్పాడు. నాయన అందరి మాటా విన్నాడు, ఎవరినీ కసురుకోలేదు. “చాలు పాపా” అన్నాడు, అంతే. కొన్నాళ్లకే పోయాడు, పొద్దున పూట, వదిన పక్కన ఉండగా.

మూడో భాగం ఆ తర్వాత చాలా నెలలకు వచ్చింది. చదవాలని లేదు, చదవకుండా ఉండలేను. చిత్తూరు బస్సులో తెరిచాను. వేలు పోయింది, ఎడమచేతి చిటికెన వేలే. కాళ్లు కడుక్కోవడమూ ఉంది. అది రైతు బుద్ధికి తోచే సంగతేనని అప్పటిదాకా సర్దిచెప్పుకున్నాను. వేలికి ఏం సర్దిచెప్పుకోను?

మా గ్రూపులో ఎవరైనా ఆ రోజు ఆ ఆస్పత్రికి వచ్చారేమోనని మెల్లగా ఆరా తీశాను. తిరుపతి వైపు ఉన్నది సూళ్లూరుపేట నుంచి రాసే ఆమె ఒక్కతే, ఆమె అసలా ఆస్పత్రి గడపే తొక్కలేదు. అయినా అచ్చే కాని పుస్తకం ఎవరికి మాత్రం ఎలా తెలుస్తుంది?

చివరి పేజీలో నాయన చెప్పినట్టే ఉంది, రానందుకు కిందివాళ్లు ఆమెను తిట్టుకోలేదు. నేను తిట్టుకున్నాను. బస్సులో కూర్చుని, పక్కవాళ్లు చూస్తున్నా, ఎందుకంత తొందర నాయనా అని పైకే అనేశాను.

ఆయనకి కథ చెప్పింది ఎవరో ఈ రోజుకీ తెలియదు. నాయనకి అలుపు తీర్చాలనే చెప్పిందేమో. ఎదురుపడితే మాత్రం ఒక్కటే అడుగుతాను: అమ్మా, ఇంకొన్నాళ్లు ఆగి చెప్పి ఉండకూడదా?