వేడెక్కించి అమ్మిన ఇంజన్

చేనుకు నీళ్లు తోడే ఆ పాత డీజిల్ ఇంజన్‌ను కోడేరులో మా అక్కాబావల దగ్గర కొన్నాను. బయటివాళ్లదైతే పొద్దున్నే వెళ్లి, చల్లగా ఉన్నప్పుడే హ్యాండిల్ నా చేత్తో తిప్పి చూసేవాణ్ణి. అరిగిన ఇంజన్ ఒకసారి వేడెక్కితే బుద్ధిగా నడుస్తుంది. చల్లగా ఉన్నప్పుడే దాని గుణం బయటపడుతుంది. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా మోసపోయాను, అదే నా కడుపుమంట.

ఆ రోజు వాకిట్లో అడుగుపెట్టి, ఇంటి వెనక బావి దగ్గరున్న ఇంజన్ వైపే నడవబోయాను. అక్క చెంబుతో నీళ్లు తెచ్చింది.

"కాళ్లు కడుక్కో తమ్మీ. బువ్వ తిన్నంక సూద్దువు. అదేమన్న పారిపోతదా?"

మా వైపు అంతే. ఆడబిడ్డ ఇంట్లో విస్తరి ముందుకొచ్చాక సామాను చూస్తానని లేస్తే ఆ ఇంటిని అవమానించినట్టు. తిన్నాక అనుమానపడితే ఇంకా పెద్ద అవమానం. కూర్చున్నాను. జొన్నరొట్టె, పప్పు, ఆ తర్వాత అన్నం. ఒక్కొక్కటీ నిదానంగా పెట్టింది. అంతలో వెనక నుంచి ఇంజన్ చప్పుడు మొదలైంది.

"మీ బావ చేన్ల నీళ్లు పెడ్తుండు. నువ్వు తిను" అంది. ఇంకో గరిటె అన్నం వేసింది.

చెయ్యి కడుక్కుని వెళ్లేసరికి బావ ఇంజన్ ఆపాడు. నా ముందే మళ్లీ తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. పొగ కూడా లేదు.

"ఎట్లున్నది బామ్మర్దీ?"

కడుపునిండా తిన్నవాణ్ణి ఏమంటాను? "మంచిగున్నది బావా" అన్నాను, నా మొహం మండ!

అమరచింత దగ్గర మా చేనుకు తెచ్చి మర్నాడు పొద్దున తిప్పితే హ్యాండిల్ వట్టిగా తిరిగింది. పట్టే లేదు. జబ్బలు పడిపోయేదాకా తిప్పినా గుప్పుమని ఇంత పొగ వదిలి ఆగిపోయింది. పక్కనే కాలువ నిండా నీళ్లు. చేనులో వేరుశనగ ఊడలు దిగే అదను. నాలుగు రోజుల్లో తడి అందకపోతే ఆ పంట మీద ఆశ వదులుకోవాల్సిందే.

ట్రాలీ ఆటోలో వేసుకుని వనపర్తిలో మెకానిక్ షెడ్డుకు వెళ్లాను. ఆయన ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగి నవ్వాడు.

"ఇది కోడేరు ఇంజన్ గదనే? పోయిన వానకాలం నేనే ఇప్పిన. లైనర్ అరిగింది, మొత్తం చేయించున్రి అని చెప్పిన. ఆలుమొగలు ఇద్దరు వచ్చిన్రు."

ఆయిల్ తీసి వేళ్ల మధ్య రుద్ది చూపించాడు. పొగ కనబడకుండా చిక్కటి ఆయిల్ పోశారట. నాకు ఆయిల్ మీద ధ్యాస లేదు. బావ సరే, ఆయన బేరం ఆయనది. ఇద్దరూనా!

"జర జల్ది చెప్పన్నా. లైనర్, పిస్టన్ మొత్తం కొత్తయి ఏస్తే వారం పడ్తది. రింగులు మార్చమంటే రేపే తీస్కపో. గీ పంటకు నడుస్తది. అవతల నా పూచీ లేదు" అన్నాడు మెకానిక్.

వారం ఆగితే చేను ఉండదు. రింగులే వేయమన్నాను. నీళ్లు పారాయి, ఊడలు దిగాయి.

అప్పుడు అక్క ఫోన్ చేసింది. "ఇంజన్ మంచిగ నడుస్తుందా తమ్మీ?"

"నడుస్తుంది. ఆ రోజు గంత మెల్లగ ఎందుకు వడ్డించినవ్ అక్కా?"

అక్క గొంతు తగ్గించింది.

"నువ్వు జల్ది తింటవని ఆయనకెరుక. గందుకే మెల్లగ పెట్టమన్నడు. ఏం జెయ్యాలె తమ్మీ, నేను గీ ఇంట్లనే బతకాలె గద."

ఏడుస్తోందని తెలిసింది. నాకు జాలి కలగలేదు. నాకోసం ఒక్క మాట, ఒక్క సైగ చేసి ఉండొచ్చు కదా అనే కోపమే.

పంట తీశాక ఇంజన్‌ను మొత్తం విప్పించి కొత్తగా చేయించాను. ఇప్పుడు చల్లటి పొద్దున కూడా ఒక్క తిప్పుకే అందుకుంటుంది. మొన్న కోడేరు వెళ్లాను. అక్క చెంబుతో నీళ్లు తెచ్చింది, లోపల కంచం పెట్టింది.

"తినొచ్చిన అక్కా" అన్నాను. పొద్దుటి నుంచి నేను ఏమీ తినలేదు.