నిర్మల్ దిక్కు తిరిగిన ముక్కు

మనిషి తన ముక్కును తానే ఎంత శ్రద్ధగా పాడుచేసుకోగలడో తెలియాలంటే మీరెక్కడికీ పోనక్కర్లేదు, నా ముఖం చూస్తే చాలు. ఇప్పుడు నవ్వుకుంటున్నాం గానీ, ఆనాడు ఈ ముక్కు మూలంగా నా పెళ్లి కొంచెంలో తప్పిపోయేది.

అరవైల మొదట్లో మాట. ఆర్మూరులో మాది పసుపు అడ్తి దుకాణం, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టేవాళ్లం. రైతులు బండ్లు దించగానే కొమ్ము విరిచి వాసన చూసి, సరుకు ఎండిందో లేదో చెప్పడం నా పని. నా ముక్కేమో మామూలు ముక్కు కాదు. తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి నాకు దిగిన ఆస్తి. నడుమ ఎద్దు మూపురమంత ఎత్తు, కొసన వంపు. పసుపు ఘాటుకు నేనొక్క తుమ్ము తుమ్మితే బజారులో ఎద్దులు పలుపులు తెంపుకునేవి.

ఒకరోజు అట్లా తుమ్మగానే, దూరంగా ఒక బండి మీద తండ్రితో వచ్చిన అమ్మాయి పకపకా నవ్వింది. అంతే, నేను పడిపోయాను. ఆరా తీస్తే జక్రాన్‌పల్లి అనసూయ అని తేలింది. మా మేనమామను రాయబారం పంపాను.

"వాళ్లు ఒప్పుకున్నట్టే రా," అన్నాడు మామ తిరిగొచ్చి. "గాని పిల్ల నీ ముక్కు గురించే అడిగిందట."

"ఏమని అడిగింది?"

"గదంత నాకేమెరుక? ముక్కు, ముక్కు అన్నదట."

ఆ నవ్వు ఎందుకో ఇప్పుడు అర్థమైందనుకున్నాను. దోస్తు పెళ్లని ఇంట్లో అబద్ధమాడి, హైదరాబాదు పోయి, ఒక పెద్ద దవాఖానలో ముక్కుకు ఆపరేషన్ చేయించుకున్నాను.

"మూపురం తీసేశాను," అన్నాడు డాక్టరు. "నేను విప్పేదాకా ఈ పట్టీ ముట్టుకోవద్దు. ఏమీ పూయొద్దు. ఏమీ అంటే ఏమీ!"

తెల్లటి పట్టీతో ఇంట్లో అడుగుపెట్టానో లేదో, నాయనమ్మ నోరు నొక్కుకుంది.

"ఓరి నీ మొకం మండ! ముక్కుకు సున్నం గొట్టిచ్చుకొచ్చినవేంది రా?"

"ఆపరేషన్ నాయనమ్మా."

"మరి పసుపు పెట్టిండ్రా?"

"వద్దన్నరు."

"పసుపు వద్దన్నోడు డాక్టరెట్లయిండు రా? ఇల్లంత బస్తాలకు బస్తాలుండంగ, నీ ముక్కుకు చిటికెడు పసుపు కరువైందా?"

నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనిపించింది. కాలు తెగినా, గొంతు పట్టినా, మనసు బాగాలేకపోయినా మా ఊరివాడికి పసుపే మందు. పైగా పట్టీ కింద ఒకటే దురద. నా చేతులతో నేనే పీకేశాను. నాయనమ్మ పసుపు నూనెలో ఉడికించి ముద్దపెట్టి, పాత ధోతి గుడ్డతో కట్టి, కుడిచెవి వెనక ముడేసింది. గట్టిగా కడితే తొందరగా మానుతుందని, ముడి సడలినప్పుడల్లా ఇంకాస్త లాగి బిగించాను. అదీ నా తెలివి.

కొన్నాళ్లకు విప్పి అద్దం చూసుకున్నాను. మూపురం పోయింది, కాదనను. కానీ కొస కుడివైపు తిరిగింది. నేను నిజామాబాదు వైపు నిలబడితే, నా ముక్కు నిర్మల్ వైపు చూస్తోంది.

కోపంతో హైదరాబాదు బస్సెక్కాను.

"ఏం డాక్టర్ సాబ్! సక్కటి ముక్కు జెయ్యమంటె గిదేం జేసిండ్రు? ఇగ నా పెండ్లేంగావాలె?"

డాక్టరు నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "పట్టీ ఎవరు విప్పారు?"

"అదే ఊడిపోయింది."

"ఏమైనా పూశారా?"

"దేవుని మీద ఒట్టు, ఏం పుయ్యలె!"

ఆయన దూదిని స్పిరిట్‌లో ముంచి, నా ముక్కు పక్కన తుడిచి, ఎత్తి చూపించాడు. బంతిపూవులా ఉంది.

"ఏ ఊరు మీది?"

"ఆర్మూరు."

ఆయన కుర్చీలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "ఇంకొన్నాళ్లు బిగిస్తే చెవిదాకా వచ్చేది. ఇక నేను చేసేదేం లేదు, వెళ్లు నాయనా."

పిల్లను చూసుకునే రోజు రానే వచ్చింది. జక్రాన్‌పల్లిలో అనసూయ తండ్రి నన్ను కిందినుంచి మీదికి చూసి, మా మామ వైపు తిరిగాడు.

"మేం ఒప్పుకున్నది గీ పిలగాన్ని గాదు. వేరేటోన్ని తోలుకొచ్చిండ్రు."

"నేనే! గా పసుపు బజార్ల తుమ్మినోన్ని!" అన్నాను ఏడుపు గొంతుతో.

"గాయనకు ఇంత ముక్కుండె. గది జూసే నా బిడ్డ మనసు పడ్డది. మీరిగ లేవుండ్రి."

లేస్తే అనసూయ దక్కదు. ఏం చేయాలో తోచక, పక్కనున్న పసుపు రాశిలోంచి ఒక కొమ్ము తీసి, పటుక్కున విరిచి, ఉన్న ముక్కుతోనే గట్టిగా పీల్చాను. ఘాటు నషాళానికి అంటింది. తుమ్మాను. కొట్టంలో ఎద్దులు పలుపులు తెంపుకున్నాయి. తలుపు వెనక అదే నవ్వు, బండి మీది నవ్వు!

"నాయినా, ఆయనే! తుమ్ము గదే!"

పెళ్లయ్యాక ధైర్యం చేసి అడిగాను: "మా మామ వచ్చిననాడు నా ముక్కు గురించి ఏమడిగినవు?"

"మంచిగ తుమ్మిండు, మల్ల తుమ్ముతడా అని అడిగిన," అంది. "అంత మంచి ముక్కుకు ఏం రోగమొచ్చిందని కోయించుకున్నవు?"

అప్పుడే మా బజారులోని పసుపు రాశుల సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో డాక్టరు కట్టిన కట్టు విప్పను, ఇంట్లో ఇంకో కట్టు కట్టించుకోను. మొన్న జారిపడి మోకాలికి పట్టీతో ఇల్లు చేరగానే, అనసూయ వంటింట్లోకి పోయి పొయ్యి మీద నూనెగిన్నె పెట్టింది. ప్రమాణం గుర్తొచ్చింది. కుంటుకుంటూనే, ముక్కు ఎటు చూపిస్తే అటు ఉరికాను.